ఇరవయ్యో తేదీకే ఖాళీ అయ్యే ఖాతా: యూనివర్సిటీలో కొత్తగా చేరినవారి డబ్బు సమస్యలు - పరిష్కారాలు

ఖమ్మం నుంచో వనపర్తి నుంచో హైదరాబాదుకు వచ్చి యూనివర్సిటీలో చేరిన విద్యార్థికి మొదటి సెమిస్టరులో ఎదురయ్యే డబ్బు ఇబ్బందులన్నీ ఇంటి నుంచి వచ్చేది చాలక కలిగేవి కావు. డబ్బు వచ్చే తేదీకీ పోయే తేదీకీ పొంతన కుదరకపోవడం, ఎటు పోయిందో తెలియకపోవడం వల్ల కలిగేవే ఎక్కువ. అందువల్ల టీ మానేయాలా, సిమ్ రీఛార్జి తగ్గించుకోవాలా అని ఆలోచించే ముందు గత నెల బ్యాంకు స్టేట్‌మెంటు తీసి దగ్గర పెట్టుకోవాలి. యూపీఐ యాప్ చూపే జాబితా ఇందుకు చాలదు. బ్యాంకు కోసుకున్న ఛార్జీలు, ఏటీఎంలో తీసిన నగదు అందులో కనిపించవు.

సమస్య: ఐదో తేదీన డబ్బు పడింది, ఇరవయ్యో తేదీకి అయిపోయింది. పెద్దగా కొన్నదేమీ లేదు.

కారణం సాధారణంగా రెండు విధాలుగా ఉంటుంది. మొదటిది చిల్లర ఖర్చు. టీ, సమోసా, జిరాక్సు, షేర్ ఆటో కలిపి రోజుకు 90 రూపాయలైతే నెలకు 2,700 అవుతుంది. చేతి నుంచి నోటు పోతే గుర్తుండేది గాని, స్కాన్ చేసి కట్టిన 20 రూపాయలు ఎవరికి గుర్తుంటాయి? రెండోది, నా దృష్టిలో అసలైనది, హాస్టలుకు కట్టవలసిన డబ్బూ చేతిఖర్చూ ఒకే ఖాతాలో ఉండడం. ఖాతాలో 9,000 కనిపిస్తున్నా అందులో 6,000 హాస్టలువారిదే అయినప్పుడు, విద్యార్థి తన దగ్గర మూడు వేలే ఉన్నాయని కాక తొమ్మిది వేలు ఉన్నాయనుకుని ఖర్చు పెడతాడు.

పరిష్కారం ఈ రెండింటినీ విడదీయడమే. డబ్బు పడిన రోజే హాస్టలు, మెస్ బాకీలు కట్టేయాలి. గడువు ఇంకా రాకపోతే ఆ మొత్తాన్ని కనీస నిల్వ అవసరం లేని మరో ఖాతాకు మార్చి, ఆ ఖాతాను ఫోనులోని చెల్లింపు యాప్‌కు జత చేయకుండా ఉంచాలి. చేతిఖర్చుకు యూపీఐ లైట్, అంటే చెల్లింపు యాప్‌లోనే ఉండే చిన్న పర్సు, బాగా పనికివస్తుంది. ప్రతి సోమవారం అందులో 600 రూపాయలు వేసుకుని ఆ వారమంతా దానితోనే నెట్టుకురావచ్చు. అయితే యూపీఐ లైట్‌లో చెల్లింపుకు పిన్ అడగదు కనుక ఫోనుకు తాళం తప్పనిసరి. ఖాళీ కాగానే తనంతట తానే నిండే సదుపాయాన్ని ఆపేయకపోతే ఈ ఏర్పాటుకే అర్థం లేదు. బ్యాంకు స్టేట్‌మెంటులో లైట్‌కు వేసుకున్న మొత్తమే ఉంటుంది గనుక విడి ఖర్చులను మాత్రం యాప్‌లోనే చూసుకోవాలి.

సమస్య: మనం కట్టని మొత్తాలు ఖాతాలో నుంచి పోతున్నాయి.

ప్రతి నెలా ఒకే తేదీన ఒకే మొత్తం పోతూ ఉంటే అది ఆటోపే, అంటే ముందే ఇచ్చిన అనుమతితో తనంతట తానే జరిగే చెల్లింపు. రూపాయికో ఉచితంగానో మొదలైన సినిమా, పాటల చందాకు ఎప్పుడో అనుమతి ఇచ్చి ఉంటారు. ఆ యాప్‌ను ఫోనులో తీసేసినంత మాత్రాన అనుమతి రద్దు కాదు. చెల్లింపు యాప్‌లోని ఆటోపే విభాగంలోకి వెళ్లి రద్దు చేయాలి. 23 రూపాయల చొప్పున, పైన పన్నుతో పోతుంటే అది ఏటీఎం ఛార్జీ అయి ఉంటుంది. హైదరాబాదు మెట్రో నగరం కనుక ఇతర బ్యాంకుల ఏటీఎంలలో నెలకు మూడు లావాదేవీలే ఉచితం, నిల్వ చూసుకోవడం కూడా ఆ లెక్కలోకే వస్తుంది.

సమస్య: మెస్ బిల్లు నెలనెలా మారిపోతోంది.

యూనివర్సిటీ హాస్టళ్లలో చాలాచోట్ల డివైడింగ్ మెస్ నడుస్తుంది, అంటే నెలలో అయిన మొత్తం ఖర్చును తిన్నవారి మీద పంచుతారు. కూరగాయల ధర పెరిగినా, గెస్టుల లెక్క సరిగా రాయకపోయినా బిల్లు పెరుగుతుంది. ఊరికి వెళ్లే ముందు మెస్ కట్, అంటే ఫలానా రోజులు తిననని, రాసి ఇవ్వకపోతే తినని రోజులకూ కట్టవలసి వస్తుంది. ప్రైవేటు హాస్టలైతే అడ్వాన్సుకు రశీదు, ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల ముందు చెప్పాలన్న సంగతి కాగితం మీద ఉండాలి.

సమస్య: స్కాలర్‌షిప్పు మంజూరైందని ఈపాస్ (ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల వెబ్‌సైటు)లో ఉంది, ఖాతాలో మాత్రం పడలేదు.

బడ్జెటు విడుదల ఆలస్యం కావడం ఒక కారణం. దానికి విద్యార్థి చేయగలిగింది లేదు గనుక ఆ డబ్బును నమ్ముకుని అప్పు చేయకూడదు. విద్యార్థి చేతిలో ఉన్న కారణం ఆధార్ సీడింగు, అంటే ప్రభుత్వ డబ్బు పడవలసిన బ్యాంకును ఆధార్‌కు జత చేయడం. ఖాతా తెరిచేటప్పుడు ఆధార్ కార్డు ఇచ్చాము కదా అని చాలామంది నిశ్చింతగా ఉంటారు. అది గుర్తింపు కోసం ఇచ్చినది. ప్రభుత్వం ఆధార్ ఆధారంగా వేసే డబ్బు ఎక్కడికి వెళ్లాలన్నది యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దగ్గర నమోదైన బ్యాంకును బట్టి ఉంటుంది, అక్కడ ఒక ఆధార్‌కు ఒక సమయంలో ఒకే బ్యాంకు ఉంటుంది. కాలేజీ ఆవరణలో టేబులు వేసుకుని కూర్చున్నవారి దగ్గర కొత్త ఖాతా తెరిచి ఏదో పెట్టెలో టిక్కు పెట్టి ఉంటే, పాత ఖాతా స్థానంలోకి కొత్తది వచ్చి డబ్బు దానిలో పడి ఉండవచ్చు.

మొదట మైఆధార్ వెబ్‌సైటులో బ్యాంకు సీడింగు స్థితి చూడాలి. దీనికి ఆధార్‌తో నమోదైన ఫోను నంబరుకు ఓటీపీ వస్తుంది. ఆ నంబరు ఊళ్లో నాన్నగారి దగ్గర ఉంటే ఆయన ఇంట్లో ఉన్న సమయం చూసుకోవాలి. అక్కడ కనిపించిన బ్యాంకు మీకు కావలసినది కాకపోతే, కావలసిన బ్యాంకు శాఖకు వెళ్లి సీడింగు కోసం రాతపూర్వకంగా దరఖాస్తు ఇవ్వాలి.

సమస్య: పండుగకు ఇంటికి వెళ్లివచ్చిన నెలంతా లోటే.

సంక్రాంతి ముందు రోజు ప్రైవేటు బస్సు టికెట్ కొనడమే కారణం. రైలు టికెట్లు 60 రోజుల ముందే తెరుచుకుంటాయి. సెలవులకు స్వస్థలానికి వెళ్లే విద్యార్థులకు స్లీపర్, సెకండ్ క్లాసుల్లో సగం, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 75 శాతం రాయితీ ఉంది. యూనివర్సిటీ కార్యాలయం నుంచి రాయితీ పత్రం తీసుకుని రిజర్వేషన్ కౌంటరులో ఇవ్వాలి. పత్రం మీద సంతకం కావడానికి పట్టే రోజులను కూడా లెక్కలో వేసుకోవడం మంచిది. తెలంగాణ విద్యార్థినులకు 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం.

సమస్య: లోన్ యాప్‌లో తీసుకున్న చిన్న మొత్తం పెద్దదైంది, స్నేహితులకు ఫోన్లు వెళుతున్నాయి.

యాప్ కాంటాక్టులకు అనుమతి తీసుకున్నదంటేనే అది నిబంధనలకు బయట నడుస్తున్నదని అర్థం. రిజర్వు బ్యాంకు 2022లో తెచ్చిన నియమాల ప్రకారం అప్పు ఇచ్చే యాప్ ఫోనులోని కాంటాక్టుల జాబితా తీసుకోకూడదు. ఇటువంటి యాప్‌కు కట్టడానికి మరో యాప్‌లో అప్పు చేయడం నిప్పు మీద నెయ్యి పోయడమే. సందేశాలు, లావాదేవీల స్క్రీన్‌షాట్లు భద్రపరచి, ఇంట్లో ఒకరికి విషయం చెప్పి, సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయాలి. ఇంట్లో చెప్పడమే అన్నిటికన్నా కష్టమని తెలుసు, కానీ ఆ యాప్‌లవారు బెదిరించేది ఆ రహస్యాన్ని చూసుకునే.

సమస్య: ఖాతా స్తంభించిపోయింది.

"నీ ఖాతాలో డబ్బు పడుతుంది, తీసి ఇస్తే కమీషన్ ఇస్తాం" అన్నవారికి ఖాతానో ఏటీఎం కార్డునో ఇచ్చి ఉంటే, పడినది మోసపోయినవారి డబ్బు అయి ఉండవచ్చు. అప్పుడు కేసు ఖాతాదారు మీదికే వస్తుంది. ఏమీ ఎరగకుండా అటువంటి సొమ్ము ఎవరి నుంచో వచ్చిపడినా ఖాతా ఆగిపోవచ్చు. బ్యాంకు శాఖకు వెళ్లి ఏ లావాదేవీ మీద, ఏ పోలీసు స్టేషన్ నుంచి ఆదేశం వచ్చిందో, ఫిర్యాదు సంఖ్య ఏమిటో రాయించుకుని, ఆ సొమ్ము ఎలా వచ్చిందో చూపే ఆధారాలతో ఆ స్టేషనుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. తెలిసి ఇచ్చినవారు మాత్రం ముందుగా న్యాయవాదిని కలవాలి. ఈ వ్యవహారం తేలడానికి నెలలు పట్టవచ్చు గనుక, స్కాలర్‌షిప్పు ఆ ఖాతాలోనే పడి చిక్కుకోకుండా ఆధార్ సీడింగును ఈలోగా మరో బ్యాంకుకు మార్పించుకోవాలి.