రాత్రిళ్లు పదేపదే లేస్తున్నారా? షుగరేమో చూసుకోండి

సమస్య: రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేవాల్సి వస్తోంది.

కారణం: ఇంట్లో అందరూ వయసు మీదికి నెట్టేస్తారు గానీ, ముందు రెండు విషయాలు గమనించండి. లేచిన ప్రతిసారీ ఎక్కువగా వస్తోందా? వెంటనే నోరు పిడచకట్టుకుపోతోందా? రక్తంలో గ్లూకోజ్ సుమారు 180 దాటితే కిడ్నీలు దాన్ని పూర్తిగా ఆపలేవు. మూత్రంలోకి దిగిన చక్కెర నీటినీ వెంట లాక్కుపోతుంది. అందుకే మంచం పక్కన పెట్టుకున్న చెంబు తెల్లారేసరికి ఖాళీ. అలాకాక కొంచెం కొంచెమే వస్తూ ధార సన్నబడితే, మగవాళ్లలో ప్రోస్టేట్ గ్రంథి పెరగడం కావచ్చు. మంట ఉంటే ఇన్‌ఫెక్షన్‌ను అనుమానించాలి. సాయంత్రం వేసుకునే బీపీ మాత్రలో నీరు పోయే మందు ఉన్నా లేవక తప్పదు.

పరిష్కారం: లేవాల్సి వస్తోందని దాహాన్ని చంపుకోకండి. పరగడుపున రక్తపరీక్ష చేయించుకోండి. 126 లేదా అంతకు మించితే షుగర్ కిందే లెక్క, 100 నుంచి 125 అయితే షుగర్ అంచున ఉన్నట్టు. నిర్ధారణకు డాక్టర్ మరోసారి పరీక్ష రాయొచ్చు. పరీక్ష ముందురోజు అన్నం మానేసి రిపోర్టు బాగా వచ్చిందని మురిసిపోయేవాళ్లున్నారు. హెచ్‌బీఏ1సీ అనే రక్తపరీక్ష దగ్గర ఆ పప్పులుడకవు, అది రెండు మూడు నెలల షుగర్ సరాసరి చెప్పేస్తుంది. అందులో 6.5 శాతం లేదా అంతకు మించితే షుగరే.

సమస్య: పడుకున్నాక అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు.

కారణం: ఎక్కువకాలం అదుపులో లేని షుగర్ నరాలను దెబ్బతీస్తుంది. విటమిన్ బీ12 తగ్గినా ఇలాగే ఉంటుంది.

పరిష్కారం: రెండు పరీక్షలూ చేయించండి. వేడినీళ్ల కాపడం మాత్రం వద్దు, స్పర్శ తగ్గిన పాదం బొబ్బలెక్కినా తెలీదు.

సమస్య: షుగర్ మందులు వాడేవాళ్లకు అర్ధరాత్రి చెమటలు, వణుకు, గుండెదడ.

కారణం: ఇది తిరగబడ్డ కేసు, షుగర్ పడిపోయి ఉండొచ్చు. మాత్రో, ఇన్సులినో వేసుకుని రాత్రి భోజనం మానేసినవాళ్లలో ఎక్కువ.

పరిష్కారం: మీటర్‌లో 70 కన్నా తక్కువుంటే మూడు టీస్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. మీటర్ లేకపోయినా పంచదార ఇచ్చేయండి. స్పృహ లేకుంటే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. మర్నాడు డోసు సంగతి డాక్టర్‌తో మాట్లాడండి.

పక్క తడపడం మానేసిన పిల్లాడు మళ్లీ తడుపుతూ, తెగ నీళ్లు తాగుతూ, చిక్కిపోతుంటే తిట్టకండి, అదేరోజు షుగర్ చూపించండి. వాంతులు, ఆయాసం, మగత కూడా తోడైతే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.