స్మార్ట్ కంప్రెషన్ సాక్స్ కొనేముందు టేపు తీయండి

కాళ్ళ వాపుకో వెరికోస్ వెయిన్స్‌కో డాక్టర్ కంప్రెషన్ సాక్స్ (కాలిని బిగుతుగా నొక్కి పట్టే సాక్స్) రాసిచ్చి, ఇప్పుడు సెన్సర్లున్నవి కూడా వస్తున్నాయట కదా, అవే తీసుకుందామా అని ఆలోచిస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందుగా ధమనుల సంగతి. సాక్స్ నొక్కేది సిరలని, కానీ ధమనుల్లో రక్తం సరిగ్గా పారకపోతే ఆ నొక్కుడు కాలికే ప్రమాదం. అందుకే చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగించి చూస్తారు, దాన్ని ఏబీపీఐ అంటారు. 0.8 నుంచి 1.3 మధ్య ఉంటే సాధారణంగా వేసుకోవచ్చు, 0.5 కంటే తక్కువైతే వద్దు, 0.5కీ 0.8కీ మధ్యలో ఉంటే డాక్టరే తేల్చాలి. షుగర్ ఉన్నవాళ్ళకి రక్తనాళాలు గట్టిపడి ఈ నంబరు ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు, కాబట్టి ఆ విషయం తప్పకుండా చెప్పండి. ఎంత ఖరీదైన స్మార్ట్ సాక్స్ అయినా బట్ట కింది ఒత్తిడినే కొలుస్తుంది, లోపల ధమని మూసుకుపోయిందా లేదా అన్నది దానికి తెలియదు.

ఇప్పుడు కొలతలు. ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. పొద్దున్న లేవగానే, వాపు రాకముందే కొలవాలి. చీలమండ పైన కాలు అన్నిటికంటే సన్నగా ఉండే చోట చుట్టుకొలత, పిక్క అన్నిటికంటే లావుగా ఉండే చోట చుట్టుకొలత, మడమ నుంచి మోకాలి మడత దాకా పొడవు. రెండు కాళ్ళూ విడివిడిగా కొలవండి, చాలామందికి రెండూ ఒకేలా ఉండవు. ఎందుకింత పట్టింపు అంటే, బట్ట అదే బిగువుతో ఉన్నా సన్నటి చోట ఒత్తిడి ఎక్కువ పడుతుంది. 25 సెంటీమీటర్ల చుట్టుకొలత మీద 20 ఉండే ఒత్తిడి, 20 సెంటీమీటర్ల మీద 25 అవుతుంది. ఎముక పొడుచుకొచ్చే చోట ఇంకా ఎక్కువ. ఈ ఒత్తిడిని బీపీ కొలిచే యూనిట్‌లోనే (mmHg) రాస్తారు, 15-20, 20-30, 30-40 అని. ఒత్తిడిని బట్టి సాక్స్‌ని క్లాసులుగా కూడా విడదీస్తారు, కానీ ఒక్కో దేశం లెక్క ఒక్కోలా ఉంటుంది కాబట్టి 'క్లాస్ 2' అన్న మాట నమ్ముకోకుండా పెట్టె మీద అంకెలు చూడండి. మంచి సాక్స్‌లో చీలమండ దగ్గర ఒత్తిడి ఎక్కువగా ఉండి పైకి వెళ్ళేకొద్దీ తగ్గుతుంది. ఈతకొలనులో నిలబడితే లోతు పెరిగేకొద్దీ నీళ్ళు ఎక్కువ నొక్కినట్టే. తన కాళ్ళ సిరల జబ్బుతో బాధపడిన కాన్రాడ్ జాబ్‌స్ట్ అనే ఇంజనీరుకి ఈ ఆలోచన అక్కడే వచ్చింది.

స్మార్ట్ రకాల్లో మూడు ప్రధానం. వెండి పూత పూసిన దారాలతోనో సన్నటి సెన్సర్‌తోనో ఒత్తిడిని కొలిచి ఫోన్‌కి పంపేవి ఒకటి. చిన్న గాలి సంచులు ఉబ్బి తగ్గుతూ నొక్కేవి రెండోది. నికెల్-టైటానియం తీగలు కొద్దిపాటి కరెంటుతో వేడెక్కి కుంచించుకునేవి మూడోది. నన్నడిగితే చాలామందికి మొదటి రకం చాలు. కొనేముందు బ్యాటరీ అయిపోతే ఏమవుతుంది, బిగుసుకున్నది చేత్తో వెంటనే వదులు చేయొచ్చా, సెన్సర్ ఎక్కడుంది, ఉతకొచ్చా అని తప్పక అడగండి. పేస్‌మేకర్ ఉంటే ముందు డాక్టర్‌ని కనుక్కోండి.

సెన్సర్ ఎక్కడుందని అడగమన్నది ఊరికే కాదు. మా అమ్మకి తెచ్చినదాంట్లో యాప్ రోజంతా 22 అనే చూపించింది, మాకూ టెన్షన్ లేదు. రాత్రి విప్పితే మోకాలి వెనక దారం కట్టి లాగినట్టు ఎర్రటి గీత. పైఅంచు మడత పడి ఒకే చోట రెండు పొరలు నొక్కాయి, సెన్సర్ ఏమో చీలమండ దగ్గర ఉంది. అప్పట్నుంచి వేసుకున్నాక మడమ నుంచి పైదాకా అరచేత్తో ఒకసారి నిమిరి చూస్తున్నాం.

వేసుకునే పద్ధతి ఇది. కాలు పొడిగా ఉండాలి, వేసుకునేముందు నూనె గానీ క్రీమ్ గానీ రాయొద్దు. రబ్బరు గ్లౌజులు తొడుక్కోండి, పట్టు దొరుకుతుంది, గోళ్ళకి దారం తెగదు. సాక్స్‌ని మడమ దాకా లోపలికి తిప్పి, ముందు పాదం దూర్చి, మడమని మడమ గూట్లో సరిగ్గా కూర్చోబెట్టి, ఆ తర్వాత కొంచెం కొంచెంగా పైకి సర్దండి. పైఅంచు పట్టుకుని ఒక్కసారే లాగితే పైన బిగుసుకుని కింద వదులవుతుంది, అంటే సరిగ్గా ఉల్టా. పొడుగెక్కువైందని పైఅంచు మడవొద్దు.

వేళ్ళు నీలంగానో తెల్లగానో మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, నొప్పి పెరిగినా యాప్‌లో నంబరు ఎలా ఉన్నా వెంటనే విప్పేయండి. విప్పినా తగ్గకపోతే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఉన్నట్టుండి ఒక్క కాలే వాచి నొప్పి పెడితే అది రక్తం గడ్డ కావొచ్చు, ఆయాసం కూడా ఉంటే ఎమర్జెన్సీకే.

ఉతికేముందు బ్యాటరీ ముక్క తీసేసి, గోరువెచ్చని నీళ్ళలో తేలికపాటి సబ్బుతో చేత్తో ఉతకండి. పిండొద్దు, టవల్‌లో చుట్టి నొక్కి నీడలో ఆరేయండి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ సాగే దారాన్ని పాడుచేస్తుంది. రెండు జతలుంటే మారుస్తూ రోజూ వేసుకోవచ్చు.

రోజూ వాడితే సుమారు 6 నెలలకి సాగుడు తగ్గిపోతుంది. సెన్సర్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే, మొదటి వారం వచ్చిన నంబరు రాసిపెట్టుకుంటే తర్వాత ఎంత పడిపోయిందో తెలుస్తుంది. కొత్తది ఆర్డర్ పెట్టేముందు మాత్రం పాత కొలతలు వాడకండి, ఈలోగా కాలు సన్నబడి ఉండొచ్చు, మళ్ళీ పొద్దున్నే కొలవండి.