వంటింటి అలమార తలుపులకు రంగు లేచిపోతే చేయవలసిన మరమ్మతు

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు పాత తెలుగు ఇళ్ళలో వంటగది అలమారలు చాలావరకు గోడలోనే కట్టి, చెక్క చట్రానికి తలుపులు బిగించినవి. వాటి మీది రంగు ఒకేసారి అంతటా ఊడదు. సింకు పక్క తలుపు అడుగంచున, పొయ్యికి దగ్గరి తలుపు పిడి చుట్టూ మొదట బుడగలా లేచి, తర్వాత పెచ్చులుగా రాలుతుంది. రాలినంత మేర గోకి మరో పూత వేయిస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది కానీ, ఏడాది తిరగకముందే అదే చోట మళ్ళీ లేస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వానలకు మా అలమార తలుపులు నానిపోతే, దీపావళి దగ్గర పడుతోందన్న తొందరలో పది రోజులకే ఎనామిల్ వేయించాను. మరుసటి వేసవికి ఆ రంగు చేత్తో లాగితే పొరలా వచ్చేసింది. కాబట్టి రంగు వేయడం కంటే, పాత రంగు ఎందుకు వదిలిందో తెలుసుకోవడానికే ముందు సమయం పెట్టాలని గట్టిగా చెబుతాను.

ఆ సంగతి ఊడిన పెచ్చే చెబుతుంది. దాన్ని తిప్పి వెనక వైపు వెలుతురులో చూడండి. చెక్క పొడి, సన్నని పీచు అంటుకొని ఉంటే, చెక్కలోకి చెమ్మ చేరి, అది ఉబ్బుతూ ముడుచుకుంటూ రంగును తోసేసిందని అర్థం. వెనక నున్నగా మెరుస్తూ, తలుపు మీద పాత రంగు అలాగే మిగిలి ఉంటే, ఆ పాత రంగును గరుకు చేయకుండానో, దాని మీది నూనె జిడ్డు కడగకుండానో కొత్త పూత వేశారన్నమాట. కారణం చెమ్మ అయితే తలుపు విప్పి అడుగంచును తప్పక చూడాలి. తలుపు బిగించి ఉండగా రంగు వేసేవారికి కంటపడదు కనుక ఆ అంచు తరచుగా ఒట్టి చెక్కగానే మిగిలిపోతుంది; నీరు ప్లైవుడ్ పొరల్లోకి అక్కడి నుంచే పాకుతుంది. కారుతున్న గొట్టాన్నీ, గోడ చెమ్మనూ ముందు సరిచేయకపోతే మిగతా శ్రమంతా వృథా. ప్లైవుడ్ పొరలు విడిపోయినా, పార్టికల్ బోర్డు ఉబ్బిపోయినా ఆ తలుపును మార్చుకోవలసిందే. తలుపు మీద అంటించే సన్‌మైకా రేకు అంచులు లేవడం జిగురుకు సంబంధించిన వేరే పని.

మార్గశిర లక్ష్మివారాల పూజలకు ఇల్లు సర్దుకుంటూ ఈ పని కూడా పెట్టుకునేవారు ఉంటారు. అక్టోబరులో వానలు బాగా కురిసిన ఏడాది అప్పటికి చెక్క ఇంకా ఆరి ఉండకపోవచ్చు. సంక్రాంతి దాటాక, మార్చి లోపు, పొద్దుటి మంచు విడిచాక మొదలుపెట్టడం మేలు.

తలుపులను విప్పి, ఏది ఎక్కడిదో వెనక పెన్సిలుతో అంకె వేసుకోండి. లీటరు గోరువెచ్చని నీటిలో రెండు చెంచాల బట్టల సోడా కలిపి, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకొని జిడ్డు కడగాలి; మంచినీటి గుడ్డతో రెండుసార్లు తుడిచి, ఒక రోజంతా నీడలో ఆరనివ్వాలి. జిడ్డు పోకముందే గరుకు కాగితం రుద్దితే నూనె చెక్కలోకి ఇంకిపోతుంది, అందుచేత ఈ వరుస మార్చకూడదు.

తర్వాత లప్పం బ్లేడుతో వదులుగా ఉన్న రంగంతా తీసేయాలి. మిగిలిన రంగుకు పట్టు ఉందో లేదో చూడడానికి బ్లేడుతో అడ్డంగా, నిలువుగా గీతలు గీసి, టేపు అంటించి ఒక్క ఊపున లాగండి. రంగు టేపుతో రాకపోతే దాన్ని ఉంచవచ్చు. ఊడిన చోటి అంచులను 120 నెంబరు గరుకు కాగితంతో, కళ్ళు మూసుకొని వేలు పోనిచ్చినా మెట్టు తగలనంతగా రుద్ది, తలుపంతా 220తో గరుకు చేయాలి. ఇళ్ళ రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదన్న 2016 నాటి కేంద్ర నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమలైంది. అంతకు ముందటి రంగులో సీసం ఎక్కువగా ఉండవచ్చు కాబట్టి, పాత తలుపులను పొడిగా రుద్దకుండా, వాటర్ పేపరును (నీళ్ళతో వాడే గరుకు కాగితాన్ని) తడుపుతూ, మంచి మాస్కు పెట్టుకొని రుద్దాలి. పిల్లలను, గర్భిణులను దగ్గరకు రానివ్వకూడదు. పాత రంగును మంటతో కాల్చి తీయడం అసలే వద్దు.

తడి పూర్తిగా ఆరాక గుంటలకు చెక్క లప్పం పలచగా రెండు విడతలుగా పెట్టాలి. గోడలకు వాడే సిమెంటు లప్పం చెక్క కదలికకు బీటలు వారుతుంది. దాన్ని నున్నగా రుద్దాక, రంగుకు ముందు వేసే చెక్క ప్రైమర్ ఒక పూత వేయండి. అడుగంచుకు మాత్రం రెండు పూతలు తప్పనిసరి. మర్నాడు 320 కాగితంతో తేలిగ్గా రుద్ది, ఎనామిల్‌ను రెండు పలుచని పూతలుగా, మధ్యలో ఒక రాత్రి విడిచి వేయాలి. ఒకే మందపు పూత పైన ఆరి, లోపల మెత్తగా మిగిలిపోతుంది. ఆరు చిన్న తలుపులకు ప్రైమర్ అర లీటరు, ఎనామిల్ లీటరు సరిపోతాయి. రంగు పలచన చేయడానికి కలిపే టర్పెంటైన్ ఆవిరి నిప్పంటుకునేది కాబట్టి ఈ పూతలు వరండాలో వేయడం మంచిది. చట్రానికి వేసే రోజు కిటికీలు తెరిచి, గ్యాసు సిలిండరు వాల్వు మూసి ఉంచాలి.

మర్నాటికి చేతికి అంటకపోయినా రంగు గట్టిపడడానికి దాదాపు వారం పడుతుంది, అందాకా తలుపులను గట్టిగా మూయకండి. బిగించేటప్పుడు అడుగంచుకూ చట్రానికీ మధ్య రెండు మిల్లీమీటర్ల సందు వదిలితే, శ్రావణంలో చెక్క కాస్త ఉబ్బినా కొత్త రంగు రాసుకుపోదు.