స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్‌తో 50 మీటర్ల గురి

10 మీటర్ల దగ్గర ఒకే రంధ్రంలో కొట్టే స్ప్రింగ్ రైఫిల్, 50 మీటర్లకు పోయేసరికి అరచేయంత వెడల్పున చెదరగొడుతుంది. చాలామంది వెంటనే గట్టి స్ప్రింగ్ వేయించి పవర్ పెంచాలని చూస్తారు. ఆ పని చేయొద్దు. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం 20 జౌళ్ళు దాటితే లైసెన్సు కావాలి. పైగా స్ప్రింగ్ గట్టిదయ్యేకొద్దీ కుదుపు పెరిగి గురి ఇంకా చెడుతుంది. సరిచేయాల్సింది ముందు పట్టు.

ట్రిగ్గర్ పడగానే పిస్టన్ ముందుకు దూకుతుంది, తుపాకి వెనక్కి తంతుంది. గాలి పూర్తిగా నలిగి పిస్టన్ ఆగేచోట తుపాకి మళ్ళీ ముందుకు గుంజుతుంది. ఈ కుదుపు మొదలయ్యేటప్పటికి పెల్లెట్ (చిన్న గుండు) ఇంకా బ్యారెల్‌లోనే (గొట్టంలోనే) ఉంటుంది. గట్టిగా బిగించి పట్టుకుంటే మీ కండరాల బిగువు ప్రతి షాట్‌కూ మారుతుంది, దాంతోపాటు పెల్లెట్ పోయే దిక్కూ మారుతుంది. కుదుపును ఆపలేం, ప్రతిసారీ ఒకేలా కుదిపేలా వదిలేయాలి.

ఇసుక సంచి మీద తుపాకిని నేరుగా ఆనించొద్దు. సంచి మీద ఎడమ చేయి, తెరిచిన అరచేతి మీద తుపాకి. వేళ్ళు చుట్టొద్దు. అరచేయి ట్రిగ్గర్ గార్డుకు కాస్త ముందు పెట్టి 5 షాట్లు కొట్టండి. రెండు అంగుళాలు ముందుకు జరిపి మళ్ళీ 5, ఇంకో రెండు అంగుళాలు జరిపి ఇంకో 5. ఎక్కడ గ్రూపు (ఆ 5 రంధ్రాల గుంపు) చిన్నగా వచ్చిందో అక్కడ స్టాక్ (బ్యారెల్‌ను మోసే చట్రం) కింద ఇన్సులేషన్ టేపు ముక్క అంటించండి. ఇక చేయి ఎప్పుడూ ఆ టేపు మీదే. కుడి చేతి పట్టు వదులుగా, బట్ (స్టాక్ వెనక కొస) భుజానికి తాకీ తాకనట్టు, చెంప బరువు మోపకుండా ఉండాలి.

గురి పెట్టాక కళ్ళు మూసి, ఊపిరి వదిలి, మళ్ళీ తెరవండి. క్రాస్‌హెయిర్ (స్కోప్‌లోని అడ్డగీతల గుర్తు) పక్కకు జరిగి కనిపిస్తే చేత్తో నెట్టి సరిచేయకండి, సంచినో కూర్చున్న తీరునో మార్చండి. నెట్టి నిలబెట్టిన తుపాకి షాట్ పడగానే తన పాత చోటికే పోతుంది. పెల్లెట్ తగిలేదాకా స్కోప్‌లోంచి కన్ను తీయొద్దు.

ఇంత చేసినా చెదిరితే స్టాక్ స్క్రూలు చూడండి. ముందువైపు రెండు, ట్రిగ్గర్ గార్డు దగ్గరవి కుదుపుకు ఊరికే వదులవుతాయి. నీలం రంగు థ్రెడ్ లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క చాలు. మడిచే బ్యారెల్ అయితే, సగం తెరిచినప్పుడు వదిలిన చోటే నిలబడాలి, తన బరువుకు తాను జారిపోతే పివట్ బోల్టు (బ్యారెల్ మడిచే చోటి బోల్టు) బిగించాలి. సీల్ అనుమానమైతే బ్యారెల్ మూసే సందు మీద టిష్యూ పేపరు పీలిక పెట్టి కొట్టండి, అది ఎగిరితే గాలి కారుతున్నట్టే. పిస్టన్ గదిలో కుట్టుమిషన్ నూనె వేయనే వేయొద్దు. పొగ, పెద్ద చప్పుడు వస్తాయి, వేగం షాట్ షాట్‌కూ మారుతుంది. పెల్లెట్ లేకుండా కొట్టడమూ పిస్టన్‌కు దెబ్బే.

పెల్లెట్ గుండ్రటి తలదై ఉండాలి. మొన తేలిన రకం దూరానికి పనికిరాదు. 8.44 గ్రెయిన్ల (సుమారు 0.55 గ్రాముల) బరువుతో మొదలుపెట్టి మూడు నాలుగు రకాలు పరీక్షించండి. వెనకవైపు అంచు నొక్కుకుపోయినవి ఏరిపారేయండి. ఆ బరువు సెకనుకు 244 మీటర్ల వేగంతో పోతే సుమారు 16 జౌళ్ళు. 30 మీటర్లకు జీరో చేస్తే (గురి పెట్టిన చోటే తగిలేలా స్కోప్ సర్దితే) 50 దగ్గర దాదాపు 9 సెంటీమీటర్లు కింద తగులుతుంది. తుపాకి 5 డిగ్రీలు పక్కకు వాలితే సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ పక్కకు పోతుంది, కాబట్టి స్కోప్ మీద చిన్న బబుల్ లెవెల్ పెట్టుకోవడం మంచిది. స్కోప్ కూడా ఎయిర్‌గన్ కోసం చేసినదే కావాలి. మామూలు స్కోప్‌లు ఈ రెండువైపుల కుదుపుకు లోపల వదులైపోతాయి.

అసలు శత్రువు గాలి. గంటకు 10 కిలోమీటర్ల అడ్డగాలి 25 మీటర్ల దగ్గర పెల్లెట్‌ను 2 సెంటీమీటర్లు జరిపితే, 50 దగ్గర దాదాపు 7 జరుపుతుంది. దూరం రెట్టింపైతే తప్పు మూడు నాలుగు రెట్లవుతుంది. నల్గొండ, పాలమూరు చెల్కల్లో పొద్దుగాల గాలి నిలకడగా ఉన్నప్పుడే జీరో చేయండి. ఎండాకాలం మధ్యాహ్నం నేల సెగకు టార్గెట్ అలలుగా ఆడుతుంది, స్ప్రింగ్ గ్రీజు పలచబడుతుంది. అప్పుడు చేసిన జీరో తెల్లారి పనికిరాదు. టార్గెట్ పక్కన ఒక పత్తి పోగు కట్టి, అది వేలాడి ఊగనప్పుడే కొట్టండి.

మన దగ్గర ఎటు చూసినా రాతి గుండ్లే కాబట్టి టార్గెట్ వెనక బండ ఉండకూడదు. పెల్లెట్ బండకు తగిలి ఎటు తిరిగొస్తుందో చెప్పలేం. మట్టి నింపిన గోనె సంచులు రెండు వరసలు పేర్చండి, కళ్ళద్దాలు పెట్టుకోండి. చెరువు కట్ట కూడా వద్దు, అవతల మనుషులు, గొడ్లు తిరుగుతుంటాయి. నెమళ్ళు, పిట్టల మీద కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు అవుతుంది. గురి కాగితం మీదే. గ్రూపును 3 షాట్లతో తేల్చకండి, 10 కొట్టి కొలవండి.