కొత్త విండోస్‌లో రోజువారీ పని – మూడో పాఠం: కుడి క్లిక్

గడిచిన రెండు పాఠాల్లో స్టార్ట్ బటన్ తెర మధ్యకు జరగడం గురించి, కావాలనుకున్నవారు దానిని సెట్టింగ్స్ ద్వారా తిరిగి ఎడమకు తెచ్చుకోవడం గురించి చెప్పుకున్నాం. అవి కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే మార్పులే గాని పనికి అంతగా అడ్డం వచ్చేవి కావు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగియడంతో విండోస్ 11కు మారినవారిని నిజంగా తడబెట్టేది కుడి క్లిక్. కర్నూలు మార్కెట్ యార్డులో కమీషన్ దుకాణం లెక్కలు చూసే గుమాస్తా ఒకరు అడిగిన ప్రశ్న ఈ పాఠానికి చక్కగా సరిపోతుంది: “సార్, ఫైలు మీద నొక్కితే కాపీ యాడికి పాయె?”

కాపీ ఎక్కడికీ పోలేదు. పాత మెనూలో ఒకదాని కింద ఒకటిగా అక్షరాల్లో ఉండే కట్, కాపీ, రీనేమ్, డిలీట్ ఇప్పుడు చిన్న బొమ్మలుగా మారి ఒకే అడ్డ వరుసలో చేరాయి. ఈ వరుస మెనూకు ఎప్పుడూ పైనే ఉంటుందని అనుకోకండి. తెర అడుగున ఉన్న ఫైలు మీద కుడి క్లిక్ చేస్తే మెనూ పైకి తెరుచుకుంటుంది, అప్పుడు బొమ్మల వరుస కింద కనిపిస్తుంది. మౌస్ బాణం ఎక్కడుంటే దానికి దగ్గరగా ఉండాలన్నది ఈ అమరిక ఉద్దేశం. తాజా అప్‌డేట్లు వేసుకున్న కంప్యూటర్లలో బొమ్మల కింద పేర్లు కూడా ఉంటాయి కాబట్టి కత్తెర ఏది, చెత్తబుట్ట ఏది అని తడుముకునే అవసరం తగ్గింది.

ఈ మార్పు ఎందుకు చేశారో తెలిస్తే చిరాకు కొంత తగ్గుతుంది. విండోస్ ఎక్స్‌పీ కాలం నుంచి ప్రతి సాఫ్ట్‌వేరూ తన వరుసను ఈ మెనూలో దూర్చుకుంటూ వచ్చింది. ఫైళ్లను కుదించే ప్రోగ్రాం నాలుగు వరుసలు, యాంటీవైరస్ ఒకటి, వీడియో ప్లేయర్ రెండు, ఇలా చేరుతూ చేరుతూ పాత కంప్యూటర్లలో మెనూ తెర పొడవునా పాకేది. రోజూ వాడే కాపీ, రీనేమ్ ఆ గుంపులో ఎక్కడో కిందికి పోయేవి. 2021లో విండోస్ 11 వచ్చినప్పుడు రోజువారీ ఆజ్ఞలను ముందుకు తెచ్చి, తక్కినవాటిలో చాలా భాగాన్ని ‘షో మోర్ ఆప్షన్స్’ అనే చివరి వరుస వెనక్కు నెట్టారు. ఆలోచన మంచిదే. అయితే మన దుకాణాల్లో తరచూ వాడే ‘సెండ్ టు’ కూడా ఆ వెనక గదిలోకే పోయింది, అది మాత్రం నాకు నచ్చలేదు.

ఇక పనిలోకి వద్దాం. ‘ఉల్లి తక్‌పట్టీలు’ (సరుకు అమ్మకానికి రైతు పేరున రాసే చీటీలు) అనే ఫోల్డర్ ఉందనుకోండి. నిన్నటి తక్‌పట్టీకి నకలు తీసి, కొత్త తేదీతో పేరు మార్చి, రైతు పేరు, బస్తాలు, ధర దిద్ది ముద్రించడం రోజూ జరిగే పని. నిన్నటి ఫైలు మీద కుడి క్లిక్ చేసి, ఒకదానిపై ఒకటి ఉన్న రెండు కాగితాల బొమ్మను నొక్కండి; అదే కాపీ. ఇప్పుడు అదే ఫైలు మీద మళ్లీ కుడి క్లిక్ చేసి పేస్ట్ కోసం వెతికితే దొరకదు. ఫోల్డర్‌లో ఏ ఫైలూ లేని ఖాళీ చోట కుడి క్లిక్ చేసినప్పుడే పేస్ట్ బొమ్మ వస్తుంది. నిజానికి పాత విండోస్‌లోనూ ఇంతే, కాకపోతే అక్కడ చెయ్యి అలవాటుగా ఖాళీ చోటుకే పోయేది; కొత్త మెనూ చూడగానే ఆ అలవాటు చెదిరింది.

పేస్ట్ చేయగానే పాత పేరు చివర ‘కాపీ’ అనే మాట తగిలించుకుని కొత్త ఫైలు వస్తుంది. దానిని ఎంచుకుని కీబోర్డు మీద ఎఫ్2 నొక్కితే పేరు మార్చే గడి తెరుచుకుంటుంది. పేరులో తేదీ రాసేటప్పుడు ఏటవాలు గీతను విండోస్ ఒప్పుకోదు, అడ్డగీతే పెట్టాలి. తేదీని 12-11-2025 అని కాకుండా 2025-11-12 అని సంవత్సరంతో మొదలుపెట్టి రాస్తే ఫైళ్లు పేరు వరుసలోనే తేదీ వరుసలో కూడా నిలబడతాయి, సంవత్సరాంతంలో ఆడిటరు అడిగిన రోజు తక్‌పట్టీ వెంటనే చేతికొస్తుంది.

చెత్తబుట్ట బొమ్మ విషయంలో జాగ్రత్త అవసరం. కంప్యూటర్ డిస్కులో ఉన్న ఫైలును పొరపాటున డిలీట్ చేస్తే వెంటనే కంట్రోల్, జెడ్ కలిపి నొక్కి వెనక్కు తెచ్చుకోవచ్చు, లేదా రీసైకిల్ బిన్ తెరిచి తీసుకోవచ్చు. పెన్ డ్రైవ్‌లో ఉన్న ఫైలుకు సాధారణంగా ఈ వీలుండదు, అది నేరుగా పోతుంది. అలాంటప్పుడు శాశ్వతంగా తీసేయమంటారా అని విండోస్ అడిగే ప్రశ్నను చదవకుండా ఎంటర్ కొట్టడం మనలో చాలామందికి ఉన్న అలవాటు. పేరు మార్చే బొమ్మా, తీసేసే బొమ్మా ఒకే వరుసలో ఉండే ఈ మెనూలో ఆ అలవాటు ఖరీదైనది కావచ్చు.

పాత పొడుగు మెనూయే కావాలనుకునే సందర్భాలు ఉంటాయి. ‘షో మోర్ ఆప్షన్స్’ నొక్కవచ్చు, లేదా ఫైలును ఎంచుకుని షిఫ్ట్, ఎఫ్10 కలిపి నొక్కవచ్చు. షిఫ్ట్ కీని పట్టుకుని కుడి క్లిక్ చేస్తే పాత మెనూ నేరుగా వస్తుంది, ‘సెండ్ టు’ కోసం నేను వాడేది ఈ మూడో దారినే. విండోస్ తన అమరికలను దాచుకునే రిజిస్ట్రీలో మార్పు చేసి ఎప్పటికీ పాత మెనూయే వచ్చేలా చేసే చిట్కా ఒకటి చలామణిలో ఉంది గాని దానిని ఈ పాఠాల్లో నేర్పను. రిజిస్ట్రీలో తప్పు చోట చెయ్యి పెడితే వచ్చే చిక్కు ఒక కారణం; రాజ్‌విహార్ దగ్గరి నెట్ సెంటర్‌లోనో, ఆడిటరు కార్యాలయంలోనో ఇంకొకరి కంప్యూటర్ ముందు కూర్చోవాల్సి వచ్చినప్పుడు అక్కడ ఉండేది కొత్త మెనూయే కావడం రెండో కారణం. స్టార్ట్ బటన్‌ను ఎడమకు జరుపుకోవడం ఎవరిష్టం వారిది, కుడి క్లిక్‌ను మాత్రం కొత్తగానే నేర్చుకోవడం మేలని నా అభిప్రాయం.

మధ్యలో ఒక మాట. డెస్క్‌టాప్ మీద కుడి క్లిక్ చేసి రిఫ్రెష్ నొక్కుతూ ఉంటే కంప్యూటర్ వేగం పెరుగుతుందని మన దగ్గర గట్టి నమ్మకం. ఆ ఆజ్ఞ తెర మీది ఫైళ్ల జాబితాను మళ్లీ చూపించడం తప్ప వేగానికి చేసేదేమీ లేదు. అయినా మానలేనివారు ఎఫ్5 నొక్కితే చాలు.

ఫోల్డర్లను తెరిచి చూపే ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో పైన ఉండే పెద్ద పట్టీ కూడా చిక్కిపోయింది. కొత్త ఫోల్డర్ కావాలంటే ఎడమ చివరన ‘న్యూ’ ఉంటుంది, మిగతావి వాడుతుంటే తెలుస్తాయి. వాటికంటే ముందు తెలుసుకోవాల్సింది 2022 చివర్లో చేరిన ట్యాబుల సౌకర్యం. కంట్రోల్, టి కలిపి నొక్కితే అదే ఎక్స్‌ప్లోరర్‌లో రెండో ట్యాబు తెరుచుకుంటుంది. ఒక ట్యాబులో ఉల్లి, ఇంకో ట్యాబులో వేరుశనగ ఉంచుకుని, ఒక దాంట్లోని ఫైలును పట్టుకుని రెండో ట్యాబు పేరు మీదికి లాగి ఒక క్షణం ఆగితే ఆ ఫోల్డర్ తెరుచుకుంటుంది, అక్కడ వదిలేయవచ్చు. అలా లాగినప్పుడు ఒకే డిస్కులోని ఫైలు నకలు కాదు, అక్కడి నుంచే తరలిపోతుంది. నకలు కావాలంటే కంట్రోల్ కీని పట్టుకుని వదలాలి.

వచ్చే పాఠం తెలుగు టైపింగ్ గురించి. ఆలోగా విండోస్ కీ, స్పేస్ బార్ కలిపి నొక్కి మీ కంప్యూటర్‌లో ఏయే కీబోర్డులు ఉన్నాయో చూసి, తెలుగు ఉంటే అది ఇన్‌స్క్రిప్టా (తెలుగు అక్షరాలకు విడిగా కీలుండే పద్ధతి), ఫొనెటిక్కా (ఇంగ్లిష్ అక్షరాలతో ఉచ్చారణ ప్రకారం కొట్టే పద్ధతి) అన్నది ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. దానిని బట్టే అక్కడ మొదలుపెడదాం.