చిన్న ఫొటో స్టూడియో నడపడం – నాలుగో పాఠం: ఆల్బమ్‌లో ఇరుక్కున్న డబ్బు

మూడో పాఠం చివర ఇచ్చిన పని చేశారనుకుంటాను. ఈమధ్య తీసిన మూడు పెళ్లిళ్లకు మీ చేతి నుంచి పోయిన ఖర్చు ఒక కాగితం మీద, వచ్చిన డబ్బు తేదీలతో సహా ఇంకో కాగితం మీద ఉండాలి. చేయనివారు ఇక్కడే ఆగి అది పూర్తి చేయండి. సొంత అంకెలు ముందు లేకపోతే ఈ పాఠం ఒంటబట్టదు.

హైదరాబాద్‌లో నాగోలు వైపు ఒక ఫంక్షన్ హాల్లో నేను తీసిన పెళ్లి లెక్క చూపిస్తాను. తేలికగా ఉండడానికి అంకెలను గుండ్రం చేశాను. ఆడపెళ్లివారి తరఫు పని, ఒప్పుకున్నది 90,000 రూపాయలు. బయటి నుంచి పిలిచిన క్యాండిడ్ (పోజు పెట్టించకుండా సహజంగా తీసే) ఫొటోగ్రాఫర్‌కు 12,000, క్యాండిడ్ వీడియోకు 15,000, తంతు మొత్తం వరుసగా ట్రెడిషనల్ వీడియో తీసిన కుర్రాడికి 6,000, బండికీ భోజనాలకూ 3,000. ఈ 36,000 పెళ్లయిన వారంలోపే పోయింది. ఎడిటింగ్‌కు ఇంకో 12,000. రెండు ఆల్బమ్‌ల డిజైనింగ్, ప్రింటింగ్ కలిపి ల్యాబ్‌కు 16,000. మొత్తం ఖర్చు 64,000. నాకు మిగలాల్సింది 26,000. షాపు అద్దె, కెమెరా అరుగుదల, నా కష్టం అన్నీ అందులోంచే రావాలి.

ఇప్పుడు డబ్బు వచ్చిన తీరు చూడండి. బుకింగ్ రోజు 20,000, పెళ్లినాడు 30,000, ఆల్బమ్ ఇచ్చాక 40,000 అని ఒప్పందం. ఎడిటింగ్ ముగిసేనాటికి వచ్చింది 50,000, పోయింది 48,000. చేతిలో ఉన్నది 2,000. నా లాభంలో 24,000 రూపాయలు ఇంకా అచ్చు కూడా కాని ఆల్బమ్‌లో ఉండిపోయాయి.

ఆ ఆల్బమ్ ఎప్పుడు అచ్చవుతుంది? ఫొటోలు వాళ్లు ఎంచి పంపితేనే. నేను హార్డ్ డిస్క్‌లో 2,800 ఫొటోలు ఇచ్చి, 120 ఎంచమన్నాను. పెళ్లికూతురు తమ్ముడికి ఫోను చేస్తే, "అన్నా, అక్క ఇంకా చూడలేదు, వచ్చే ఆదివారం తప్పకుండా పంపిస్తాం" అనేవాడు. ఆ ఆదివారం పది నెలలకు వచ్చింది. ఈలోగా మూఢం వచ్చింది, ఆషాఢం వచ్చింది, ముహూర్తాలు లేవు. అద్దె మాత్రం ప్రతి నెలా కట్టాను. అందుకు చేసిన అప్పు తీర్చడానికి పట్టిన కాలం గుర్తుంది కాబట్టే ఈ పాఠం ఇంత పట్టుదలగా రాస్తున్నాను.

వాళ్లది చెడ్డ మనసేమీ కాదు. 2,800 ఫొటోల్లోంచి 120 తీయమంటే ఏ ఇంట్లోనైనా చేతులెత్తేస్తారు. పైగా మేనత్త ఫొటో పెట్టి పిన్ని ఫొటో వదిలేస్తే ఇంట్లో మాట వస్తుంది. కాబట్టి ఆ బరువు మనమే సగం మోయాలి. ముందుగా మీరే వడపోసి 600కు తగ్గించండి. గౌరీపూజ, జీలకర్ర బెల్లం, మంగళసూత్రధారణ, తలంబ్రాలు, అప్పగింతలు అంటూ తంతు వారీగా ఫోల్డర్లు చేసి, ఒక్కో దానికి ఆల్బమ్‌లో ఎన్ని షీట్లో రాసి ఇవ్వండి. తప్పకుండా ఉండాల్సిన చుట్టాల పేర్లు పెళ్లికి ముందే అడిగి తీసుకోండి. తర్వాత ఒక సాయంత్రం వాళ్లను స్టూడియోకు పిలిచి, పెద్ద తెర ముందు కూర్చోబెట్టండి. టీ ఇప్పించండి. నా దగ్గర ఇప్పుడు చాలా ఇళ్లవారు రెండు, మూడు గంటల్లో ఎంపిక ముగించి లేస్తున్నారు.

ఇక వాయిదాలు. అదే 90,000ను ఇలా విడగొట్టండి: బుకింగ్‌కు 27,000, పెళ్లికి రెండు రోజుల ముందు 45,000, ఆల్బమ్ అందించేటప్పుడు 18,000. ఎడిటింగ్ అయ్యేసరికి 72,000 వచ్చి 48,000 పోతుంది, 24,000 చేతిలో నిలుస్తుంది. ఆల్బమ్ దగ్గర ఆగేది 2,000 మాత్రమే. రేటు ఒక్క రూపాయి పెంచలేదు, వాయిదాలు మార్చామంతే.

రెండో వాయిదా పెళ్లినాడు అడగకండి. ఆరోజు హాలువాళ్లు, వంటవాళ్లు, డెకరేషన్‌వాళ్లు అందరూ పెళ్లికూతురి తండ్రి చుట్టూనే ఉంటారు. అప్పగింతల సమయంలో కళ్లు తుడుచుకుంటున్న మనిషిని డబ్బు అడగడానికి మనకూ నోరు రాదు, రాకూడదు కూడా. డబ్బు ఎవరి చేతి మీదుగా వస్తుందో, మేనమామా, అన్నయ్యా, బుకింగ్ రోజే పేరు రాయించుకోండి.

ఒప్పంద పత్రంలో ఇంకో రెండు మాటలు చేర్చండి. ఫొటోలు ఇచ్చిన 45 రోజుల్లో ఎంపిక రాకపోతే స్టూడియోనే ఎంచి అచ్చు వేయిస్తుందని ఒకటి. నమూనాగా ఏ ఫొటోలు బయట చూపించవచ్చో రెండోది. ఇది చాలామంది వదిలేస్తారు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి హక్కుదారు. షట్టరు నొక్కినది మనమే అయినా, అడగకుండా గోడకు తగిలించే హక్కు మనకు లేదు. ఇంటి ఆడవాళ్ల ఫొటోలు ఎవరి కంట పడతాయోనన్న బెంగ ఈ ఊరికి కొత్తది కాదు. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచి, దాన్ని నడిపే బాధ్యత ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. ఆ బెంగను గౌరవించినవారి దగ్గరికే ఆ ఇంట్లో జరిగే తర్వాతి పెళ్లి పని కూడా వస్తుందని నా అనుభవం.

ఐదో పాఠానికి ముందు చేయాల్సింది: మీ మూడు పెళ్లిళ్లలో ఎడిటింగ్ ముగిసేనాటికి చేతిలో ఎంత ఉందో, ఆల్బమ్‌లో ఎంత ఆగిందో విడివిడిగా రాయండి. ఇప్పటికీ ఎంపిక రాని ఆల్బమ్‌లు ఉంటే, వాటిలో పాతదాన్ని తీసి 600 ఫొటోలకు వడపోసి, ఈ వారమే ఆ ఇంటికి ఫోను చేయండి.