స్టార్‌డ్యూ వ్యాలీ మొదటి వసంతం: చేతిలోని 500 గోల్డ్ ఎక్కడ పెట్టాలి?

స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయ వీడియో గేమ్‌ను మామూలు పొలంతో మొదలుపెడితే చేతిలో 500 గోల్డ్ (ఆటలోని డబ్బు), 15 పార్స్‌నిప్ విత్తనాలు ఉంటాయి. నేలకు కొదవ లేదు, కొరతంతా డబ్బుకే. కాబట్టి ఒక గడికి (ఒక మొక్క పట్టే నేల) లాభమెంత అని కాకుండా, పెట్టిన గోల్డ్ ఎన్ని రోజులకు తిరిగొస్తుందో చూసుకోవాలి.

కాలీఫ్లవర్ విత్తనం 80, అమ్మితే 175. చూడ్డానికి ఘనంగానే ఉంటుంది గానీ 12 రోజులు డబ్బు ఇరుక్కుపోతుంది. బంగాళదుంప విత్తనం 50, దుంప 80, పంట 6 రోజులకే. పైగా నాలుగింట ఒక మొక్కకు అదనపు దుంప పడుతుంది, అంటే సగటున మొక్కకు 100. ఆరు రోజుల్లో రెట్టింపు. అదే డబ్బును 12 రోజుల్లో రెండుసార్లు తిప్పితే నాలుగింతలు.

1వ రోజు. 15 పార్స్‌నిప్‌లు నాటి, సాయంత్రం 5 లోపు ఊళ్లో విత్తనాలమ్మే పియర్ కొట్టుకు వెళ్లి 500తో 10 బంగాళదుంప విత్తనాలు కొనండి. 25 గడులు తవ్వి నీళ్లు పోయడానికి 270 ఎనర్జీలో 100 దాకా పోతుంది. మిగిలినదాంతో చెట్లు కొట్టండి. 50 కలపతో సామాన్లు దాచుకునే పెట్టె ఒకటి తయారవుతుంది. అదుంటే 2,000 పెట్టి బ్యాగు పెద్దది చేసుకోవాల్సిన తొందరుండదు. నీళ్లు పోయని రోజు మొక్క పెరగదు, పంట ఒక రోజు వెనక్కి పోతుంది.

2 నుంచి 4వ రోజు. రెండో రోజు జాలరి విల్లీ ఉత్తరం వస్తుంది. రేవుకు వెళ్తే వెదురు గాలం ఉచితంగా ఇస్తాడు. ఇక నీళ్లు పోశాక మిగిలిన ఎనర్జీ అంతా చేపలకే. పెట్టుబడి లేకుండా డబ్బు వచ్చే దారుల్లో ఇదొకటి. మొదట్లో చేపలు జారిపోతుంటే విసుగొస్తుంది, అయినా వదలకండి.

5వ రోజు. 15 పార్స్‌నిప్‌లు కోతకొస్తాయి. కమ్యూనిటీ సెంటర్ బండిల్‌కు (ఊరి భవనం బాగుకు ఇవ్వాల్సిన వస్తువుల జాబితా) ఒకటి దాచి, మిగతావి పియర్ కౌంటర్‌లోనే అమ్మండి. పొలంలో అమ్మకాలకుండే షిప్పింగ్ పెట్టెలో వేస్తే డబ్బు మర్నాడు పొద్దున గానీ రాదు. కౌంటర్‌లో అయితే వెంటనే వస్తుంది, ధరా అదే. కనీసం 490 వస్తుంది. దాంతో 9 బంగాళదుంప విత్తనాలు కొని ఆ రోజే నాటితే 11న కోత. కొట్టు బుధవారం ఉండదు. అంటే 3, 10, 17, 24 తేదీల్లో డబ్బున్నా విత్తనాలు దొరకవు. ఈ కోతతో ఫార్మింగ్ మొదటి లెవెల్ కూడా వస్తుంది కాబట్టి దిష్టిబొమ్మ చేసుకోండి. పొలంలో 15 మొక్కలు దాటితే కాకులు వాలతాయి.

7వ రోజు. చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. 1న వేసిన బంగాళదుంపలు అమ్మగానే మళ్లీ అవే నాటుతారు. అవి 13న కోతకొస్తాయి. ఆ రోజు ఎగ్ ఫెస్టివల్, పియర్ కొట్టు మూసి ఉంటుంది. షిప్పింగ్ పెట్టె డబ్బు 14న వస్తుంది. పండుగలో స్ట్రాబెర్రీ విత్తనాలు కొనే వేళకు జేబు ఖాళీ. అందుకే 7న పార్స్‌నిప్‌లు నాటండి, 11కే చేతికొస్తాయి. పండుగకు ముందే డబ్బు చేతికి రావాలంటే నాటడానికి గుర్తు పెట్టుకోవాల్సిన గడువు: బంగాళదుంపకు 6వ తేదీ, పార్స్‌నిప్‌కు 8వ తేదీ.

13వ రోజు. ఉన్న గోల్డ్ అంతా స్ట్రాబెర్రీ విత్తనాల మీద పెట్టండి. ఒక్కోటి 100. పండు 120, మొదటి కోత 8 రోజులకు, ఆపైన 4 రోజులకోసారి. పొద్దున్నే గడులు తవ్వి తడిపి ఉంచితే, రాత్రి 10కి ఇంటికొచ్చాక విత్తనాలు వేస్తే చాలు. కోతలు 21న, 25న. ఆ రాత్రి కుదరకపోయినా కంగారేం లేదు, 16 లోపు నాటితే రెండు కోతలూ దక్కుతాయి. వసంతం 28తో ముగుస్తుంది కాబట్టి 17న నాటితే మాత్రం ఒక్కటే, మొక్కకు 20 గోల్డ్ మిగులుతుంది. కొన్ని విత్తనాలు పెట్టెలో దాచండి: వచ్చే వసంతం 1న నాటితే ఒక్కో మొక్క ఐదు కోతలిస్తుంది.

వాటరింగ్ క్యాన్‌ను రాగి స్థాయికి పెంచాలంటే 2,000 గోల్డ్, 5 రాగి కడ్డీలు. క్యాన్ రెండు రోజులు కమ్మరి క్లింట్ దగ్గరే ఉంటుంది. టీవీలో రేపు వాన అని చెప్పిన రోజు, మొక్కలన్నిటికీ నీళ్లు పోశాకే ఇవ్వండి. మర్నాడు వాన తడుపుతుంది, ఎల్లుండి 9కి తెచ్చుకోవచ్చు.

కోళ్ల గూడు ఇప్పుడొద్దు. గూడు 4,000, కోడి 800, గుడ్డు 50. ఒక్క కోడితో ఆ 4,800 రాబట్టడానికి 96 గుడ్లు కావాలి, అంటే మూడు సీజన్లు దాటుతుంది. మయోనైజ్ యంత్రం చేతికొచ్చాక గుడ్డు కాస్తా 190 అవుతుంది, అప్పుడు చూసుకోండి.

22 తర్వాత బంగాళదుంపలు, 24 తర్వాత పార్స్‌నిప్‌లు నాటకండి. 28 దాటితే మొక్కలు ఎండిపోతాయి. 25న వచ్చిన స్ట్రాబెర్రీ డబ్బు కదపకుండా వేసవి 1న బ్లూబెర్రీ విత్తనాలకు వాడండి. ఒక్కోటి 80. 14, 18, 22, 26 తేదీల్లో కోతకు మూడేసి పండ్లు, పండుకు 50.